బల్లుల మీదా గబ్బిలాల మీదా కథలు రాసిన మా అత్తమ్మ

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, హైటెక్ సిటీలో మా ఆఫీసు కింద లిఫ్టు కోసం నిలబడి ఉండగా మా ఆయన ఫోన్ చేశారు. రాత్రంతా దవాఖానలో ఆయనే ఉన్నారు. పగలు నా వంతు. ఆఫీసులో ఒక పని అప్పజెప్పేసి అటు వెళ్దామని వచ్చాను. "అమ్మ పోయింది" అన్నారు. ఇంతలో లిఫ్టు వచ్చింది. మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు నవ్వుకుంటూ ఎక్కి, నా కోసం తలుపు పట్టుకున్నారు. "వస్తారా మేడమ్?" అని ఒకమ్మాయి అడిగింది. తల అడ్డంగా ఊపాను. తలుపులు మూసుకున్నాయి. ఆ తలుపుల మీద నా మొహం కనిపిస్తుంటే, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూస్తూ ఉండిపోయాను.

అత్తమ్మ గుండె కొంతకాలంగా బలహీనపడుతూ వచ్చింది. ఈసారి కష్టమేనని డాక్టర్లు ముందే చెప్పారు. అయినా చెవితో వినడం వేరు, మనసు వినడం వేరు.

ఈ పత్రికలో పిల్లల పేజీలు చదివేవాళ్ళకు ఆవిడ పేరు తెలుసు. బల్లి, కప్ప, జెర్రి, తొండ, గబ్బిలం - మనం చూడగానే చీపురో చెప్పో వెతుక్కునే ప్రాణుల గురించి, వాటి పక్కన కాపురముండే మనుషుల గురించి ఆవిడ కథలు రాశారు. నాకు మాత్రం ఆవిడ అత్తమ్మ. ఆ కథలు ఆవిడ చెబుతుంటే టైపు చేసిన మనిషిని నేను. అందుకే ఈ నాలుగు మాటలు నన్ను రాయమన్నారు. ఆవిడ చెప్పకుండా నేను రాస్తున్న మొదటి పేజీ ఇదే.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. పెళ్ళయి మణికొండలో ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చినప్పుడు నాకు ఆవిడ మాట సగం అర్థమయ్యేది కాదు. 'అత్తయ్యగారండీ' అని నేను పిలిస్తే ఆవిడ చుట్టూ చూసేవారు, ఇంకెవరినో పిలుస్తున్నానేమోనని. "గంత పొడుగు పేరెందుకు బిడ్డా, అత్తమ్మా అను, సాలు" అన్నారు. కోకాపేట దగ్గరి ఒక ఊళ్ళో గవర్నమెంటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యారావిడ. ఆ ఊరు ఇప్పుడు ఊరులా లేదు. బడి ఉన్న చోట ఏముందో నేను అడిగితే "అద్దాలున్నయ్" అన్నారు ఒకసారి.

కొత్త కోడలిగా నా మొదటి పరాభవం వంటింట్లో జరిగింది. ఎగ్జాస్ట్ ఫ్యాను పక్కనుంచి బల్లి జారి నా ఎడమ భుజం మీద పడింది. నేను పెట్టిన కేకకు పక్క ఫ్లాటు వాళ్ళు తలుపు తీశారు. మా ఊళ్ళో బల్లి పడితే అమ్మ పంచాంగం తీసి, ఎక్కడ పడిందో చూసి, తలంటు పోయించి దీపం పెట్టించేది. నేను వణుకుతూ స్నానానికి పరిగెత్తుతుంటే అత్తమ్మ కిందికి వంగి దేన్నో చూస్తున్నారు. గచ్చు మీద బల్లి తోక ఒక్కటే గిలగిలా కొట్టుకుంటోంది.

"చూసినవా? పాపం, తోక ఇడిచిపెట్టి ఉరికింది. నీకంటె దానికే ఎక్కువ భయమైనట్టున్నది" అన్నారు.

నవ్వలేదు, తిట్టలేదు, 'ఇంత పిరికిదానివేంటి' అనలేదు. సాయంత్రం టీ తాగుతూ, చిన్నపిల్లకు చెప్పినట్టు నాకు ఒక కథ చెప్పారు. ఆ బల్లి తోక లేకుండా ఇంటికి పోయిందట. వాళ్ళమ్మ గుండెలు బాదుకుని "ఏమైంది బిడ్డా" అంటే, "నా మీద ఒక మనిషి పడ్డదమ్మా" అని ఏడ్చిందట. వెంటనే బల్లుల్లో పెద్దాయన్ని పిలిచి, వాళ్ళ పంచాంగం తీయించారట. 'కోడలు మనిషి ఎడమ భుజం తగిలినచో తోక నష్టము, ట్యూబులైటు దగ్గర భోజన లాభము' అని ఉందట అందులో. నేను టీ పొలమారేలా నవ్వాను. ఆ ఇంట్లో నేను గట్టిగా నవ్వడం అదే మొదలు.

మర్నాడు ల్యాప్‌టాప్ తీసి "మళ్ళీ చెప్పండి అత్తమ్మా" అన్నాను. టైపు చేసి ఈ పత్రికకు పంపాను. అచ్చయింది. అప్పట్నుంచి శనివారాలు మాకు కథల వారాలయ్యాయి. ఆవిడ ముందు చిక్కుడుకాయలో పచ్చి బఠాణీలో పెట్టుకుని వొలుస్తూ చెప్పేవారు, నేను ఎదురుగా కూర్చుని టైపు కొట్టేదాన్ని. కథ చిక్కుబడిన చోట ఆవిడ చేతులు ఆగిపోయేవి. నేను కీబోర్డు మీద వేళ్ళు పెట్టి ఎదురు చూసేదాన్ని. ఆ నిశ్శబ్దంలో కుక్కర్ కూత వేస్తే ఇద్దరం ఉలిక్కిపడేవాళ్ళం.

కథ నడిపే వాక్యాలు పుస్తక భాషలో ఉండేవి. ప్రాణులు మాత్రం ఆవిడలాగే మాట్లాడేవి. సంపాదకులు ఫోన్ చేసి, "బల్లి మాటలు అన్ని జిల్లాల పిల్లలకీ అర్థమవ్వాలి కదమ్మా" అన్నారు. "బల్లి మణికొండల ఉంటది సార్, మణికొండ మాటే మాట్లాడ్తది. మీ ఆఫీసు గోడ మీద బల్లి మీ తీరు మాట్లాడ్తదేమో, దాని కథ మీరు రాయుండ్రి" అన్నారు అత్తమ్మ. ఆయన పగలబడి నవ్వి ఒప్పుకున్నారట.

ఇంకో విషయంలో మాత్రం ఇద్దరికీ చాలాకాలం పడలేదు. ఆయనకు ప్రతి కథలోనూ ఆ ప్రాణి మనిషికి ఏదో మేలు చేయాలి. కప్ప దొంగను పట్టించాలి, తొండ పసిబిడ్డను కాపాడాలి. అత్తమ్మ కథల్లో అవి ఏమీ చేసేవి కావు. ఉండేవి, అంతే. వాటి తిండి, వాటి భయం, వాటి పిల్లలు. మనిషి మొదట విసుక్కుని, తర్వాత సర్దుకునేవాడు. "పనికొస్తేనే బతకనిస్తమా సార్?" అని ఆవిడ మెత్తగా అడిగేవారు. నేను కూడా ఒకసారి అన్నాను, "ఎంత చెప్పినా నాకు బల్లి మీద ప్రేమ పుట్టట్లేదు అత్తమ్మా" అని. "ప్రేమించుమని ఎవలన్నరు? జర జాగియ్యి, సాలు" అన్నారు.

ఆవిణ్ణి మరీ అహింసామూర్తిని చేయడం నాకిష్టం లేదు. దోమల బ్యాటు చేతికొస్తే ఆవిడ ఉత్సాహం చూడాలి. చిటపటలాడినప్పుడల్లా "ఇగో, పోయె" అనేవారు. "దోమ కథ రాయవా నానమ్మా" అని మా అమ్మాయి సాహితి అడిగితే, "దోమకు కథ లేదు" అని తేల్చేశారు. ఒకసారి సాహితి బూటులో తేలు కనబడితే క్షణం ఆలోచించకుండా రోకలి తెచ్చారు. అన్నం వార్చి గంజి సింకులో పోసేముందు మాత్రం గరిటెతో సింకు అంచు మీద టకటకా కొట్టి, "జరుగుండ్రి, ఉడుకునీళ్లు వస్తున్నయ్" అని చెప్పి, కాస్త ఆగి పోసేవారు. ఎవరికి చెబుతున్నారో ఎవరికీ కనిపించదు. సాహితికి మాటలు వచ్చిన కొత్తలో బాత్రూంలో మగ్గు పట్టుకుని "జలుగుండి" అంటుంటే మా ఆయన తల పట్టుకున్నారు.

మా ఆయనకూ వాళ్ళమ్మకూ మధ్య తగువంటూ వస్తే అది గబ్బిలాల దగ్గరే వచ్చింది.

మా అపార్ట్‌మెంట్ల వెనక, పిల్లలు ఆడుకునే చోట ఒక పెద్ద చింతచెట్టు ఉండేది. ఈ బిల్డింగులు కట్టకముందు నుంచీ ఉన్నది. దాని నిండా గబ్బిలాలు వేలాడేవి, నల్లటి గొడుగులు మడిచి తగిలించినట్టు. మసక చీకటి పడగానే ఒక్కొక్కటే విడివడి గండిపేట వైపు పోయేవి. కార్ల మీద రెట్టలు, ఆరేసిన బట్టల మీద మరకలు, వానొస్తే ముక్కుపుటాలదిరే వాసన. అదంతా విసుక్కుంటూనే జనం భరించారు. కానీ ఒక వేసవిలో, గబ్బిలాల వల్ల ఏదో జ్వరం వస్తుందని ఎవరో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇక ఆగలేదు. చెట్టు కొట్టించాలన్నారు. అప్పుడు అసోసియేషన్ సెక్రటరీ మా ఆయనే.

"అమ్మా, ఇది నా ఒక్కని మాట కాదు. అందరు భయపడుతున్నరు. రేపు ఏ పిల్లకన్న జ్వరమొస్తే నన్నే అడుగుతరు" అన్నారాయన, భోజనాల దగ్గర.

"భయపడుడు తప్పు కాదు బిడ్డా. పిల్లలున్నోళ్లు భయపడ్తరు. మీటింగుల నన్ను జర మాట్లాడనియ్యి" అన్నారు అత్తమ్మ.

ఆదివారం క్లబ్బుహౌసులో మీటింగు. ఆవిడ గంజి పెట్టిన నూలుచీర కట్టుకుని, బడికి పోయేటప్పటిలా చేతికి గడియారం పెట్టుకుని వచ్చారు. వంతు రాగానే లేచారు.

"గబ్బిలాలు దేవతలని నేను చెప్తలేను. వాసనొస్తది, నేను గూడ ముక్కు మూసుకుంట. మీరు భయపడేది గూడ ఉట్టిగ కాదు. పిల్లలను ఆ చెట్టు కింద ఆడనియ్యకుండ్రి, కింద పడ్డ పండు ముట్టనియ్యకుండ్రి. ఊయలలు ఇటు దిక్కు మార్చుకుందం. కార్ల మీదికి రేకులేసుకుందం. గంతే చేసి జర చూద్దం" అన్నారు.

వెనక వరసలోంచి ఒకాయన, మా జిల్లా వైపు మనిషే, మర్యాదగానే అడిగారు: "అది కాదండీ మేడమ్‌గారూ. అసలు వాటివల్ల మనకి ఉపయోగమేంటండీ?"

అత్తమ్మ ఆయన వైపు తిరిగారు. "నా వల్ల మీకేం ఉపయోగమున్నది సార్? రిటైరైన, ఇంట్ల కూసుంటున్న. లిఫ్టు వాడుకుంటున్న, నీళ్లు వాడుకుంటున్న. నన్నుండనిస్తున్నరు గద?" అన్నారు.

కొందరు నవ్వారు. కొందరు తలలు వంచుకున్నారు. చేతులెత్తమన్నప్పుడు మాత్రం ఎక్కువ చేతులు చెట్టు కొట్టడానికే లేచాయి. మా ఆయన చెయ్యి ఎత్తలేదు. కానీ కాగితం మీద సంతకం ఆయనదే కావాలి, పెట్టారు. ఇంటికొచ్చాక అత్తమ్మ ఒక్క మాటా అనలేదు. అన్నం వడ్డించారు, పెరుగు వేశారు. అదే ఆయన తట్టుకోలేకపోయారు. "ఏదన్న అనమ్మా" అన్నారు. "ఏమంట బిడ్డా. నీ జాగల నేనున్నా గట్లనే చేస్తుంటినేమో" అన్నారు ఆవిడ.

అనుమతులన్నీ వచ్చాక, కొమ్మలు కొట్టిన రోజు నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. రంపాల మోతకు ఫోన్లో ఎవరి మాటా వినబడటం లేదు. బాల్కనీలోకి వెళ్ళి చూశాను. మిట్టమధ్యాహ్నం ఎండలో గబ్బిలాలన్నీ లేచాయి. ఎటు పోవాలో తెలియక బిల్డింగుల మధ్య గిరగిరా తిరుగుతున్నాయి, అరుస్తున్నాయి. ఎండ రెక్కల్లోంచి కనబడుతోంది, పలచటి తోలులోంచి ఎముకలు కనబడుతున్నాయి. కిటికీలన్నీ ధడధడా మూసుకుపోయాయి. ప్రతి అద్దం వెనకా ఒక పిల్లో పిల్లాడో నిలబడి ఉన్నారు. చెట్టు కావాలన్నవాళ్ళ పిల్లలూ, వద్దన్నవాళ్ళ పిల్లలూ.

సాయంత్రానికి మొండిమాను ఒక్కటే మిగిలింది. పనివాళ్ళు వెళ్ళిపోయాక అత్తమ్మ కిందికి దిగారు. సాహితీ నేనూ వెంట వెళ్ళాం. తెగిపడిన రెమ్మల్లో ఒక గబ్బిలం పిల్ల ఉంది. ఎలుకపిల్లంత మొహం, పెద్ద కళ్ళు. "చేతులు పెట్టకుండ్రి" అని మమ్మల్ని దూరంగా నిలబెట్టి, చీపురుకట్టతో ఒక కొమ్మను దాని దగ్గరికి జరిపారు. అది ఆ కొమ్మను పట్టుకుంది. కొమ్మను జాగ్రత్తగా ఎత్తి, మొండిమాను మీద వీలైనంత ఎత్తున వాచ్‌మన్ చేత తాడుతో కట్టించారు. తర్వాత వాచ్‌మన్ దగ్గర ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెచ్చుకుని, కాస్త దూరంగా వేసుకుని కూర్చున్నారు.

"ఏం చేస్తున్నవ్ నానమ్మా?" అంది సాహితి.

"దాని తల్లి వస్తదేమోనని."

చీకటి పడుతుండగా గబ్బిలాలు కొన్ని వచ్చాయి. చెట్టు ఉండిన చోట, కొమ్మలు ఉండిన ఎత్తులోనే, ఖాళీ గాలిలో తిరిగాయి. కింద పిల్ల సన్నగా పిలుస్తోంది. అప్పుడే మా ఆయన కారు లోపలికి వచ్చింది. హెడ్‌లైట్లు మొండిమాను మీద పడగానే గబ్బిలాలు చెదిరిపోయాయి.

"లైట్లు బంద్ చెయ్యి బిడ్డా" అన్నారు అత్తమ్మ, కుర్చీలోంచి లేవకుండానే.

లైట్లు ఆరిపోయాయి. ఇంజను ఆగింది. ఆయన దిగలేదు. కారులో ఆయన, కుర్చీలో వాళ్ళమ్మ, మధ్యలో ఆ పిల్ల పిలుపు. చాలాసేపు అలాగే ఉన్నారు. మళ్ళీ ఒకటి రెండు వచ్చాయి, తిరిగాయి, వెళ్ళాయి. కిందికి ఏదీ దిగలేదు.

పొద్దున బడికి వెళ్తూ సాహితి చూసింది. పిల్ల ఆ కొమ్మకే వేలాడుతోంది. నిద్రపోతోందని అనుకుంది. చీమలు కనబడ్డాక ఇంట్లోకి పరిగెత్తుకొచ్చి నా నడుం పట్టుకుంది.

ఆ శనివారం అత్తమ్మ కథ చెప్పారు. కూరగాయలు ఏవీ ముందు పెట్టుకోలేదు. అన్నీ జరిగినట్టే చెప్పుకొచ్చారు: మీటింగు, రంపాలు, ఎండలో ఎగరడం, కుర్చీ, చీకటి. చివర ఒక్కటి మార్చారు. తల్లి వచ్చింది. పిల్లను పొట్టకు హత్తుకుని ఎగిరిపోయింది. నా వేళ్ళు ఆగిపోయాయి. అన్నేళ్ళుగా సంపాదకులు బతిమాలినా ఒక్క కథకూ లేని మంచి ముగింపు అతికించని మనిషి ఆవిడ.

సాహితి పక్కనే హోంవర్కు చేసుకుంటూ వింటోంది. పెన్సిల్ కింద పెట్టింది. "నానమ్మా, గట్ల కాలేదు కదా."

"కాలేదు బిడ్డా. అది మస్తు పిలిచింది, నువ్వు గూడ విన్నవ్. గంత పిలిచినదానికి కథలనన్న తల్లి రావాలె."

సాహితి ఆలోచించింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. "మరి గట్ల రాస్తే, చెట్టు కొట్టినా ఏం కాదని అనుకుంటరు కదా అందరు. వాళ్ళమ్మ వచ్చి తీసుకపోతదిలే అని."

పక్కగదిలో మా ఆయన ఉన్నారు, తలుపు తీసే ఉంది. అత్తమ్మ మనవరాలి మొహం వంక చూశారు. కళ్ళు తుడుచుకున్నారు.

"తీసెయ్యి" అన్నారు నాతో. "పిల్ల చెప్పిందే సరి. తీసెయ్యి."

తల్లి వచ్చిన నాలుగు వాక్యాలనూ నేను ఒక్కొక్క అక్షరం చెరిపాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఆ వాక్యాలు నాకు కంఠస్థమే. కానీ ఇక్కడ రాయను. ఆవిడ వద్దన్నారు.

సంపాదకులు ఆ కథను కొన్నాళ్ళు దగ్గర పెట్టుకున్నారు. "పిల్లలు తట్టుకోలేరమ్మా" అన్నారు. "మా పిల్ల తట్టుకున్నది సార్. అది కథల వినుడు కాదు, కండ్లతోటి చూసింది" అన్నారు అత్తమ్మ. చివరికి వేశారు. అచ్చయిన వారానికి ఒక తల్లి ఎలాగో మా నంబరు సంపాదించి ఫోన్ చేసింది, కొడుకు అన్నం మానేసి ఏడుస్తున్నాడని, ఇలాంటివి పిల్లలకు రాస్తారా అని. అత్తమ్మ అంతా విని, "తప్పు పట్టుకోకమ్మా, బాబుకియ్యి ఫోను" అన్నారు. వాడు అడిగింది ఒక్కటే, మిగతా గబ్బిలాలు ఎక్కడికి పోయాయని. "నాకెర్క లేదు బిడ్డా. నిజంగనే ఎర్క లేదు. ఎర్కైతే రాస్త" అని మాటిచ్చారు.

ఆ మాట ఆవిణ్ణి పట్టుకుంది. ఎటు వెళ్ళినా కారు కిటికీలోంచి చెట్ల మీదికే చూపు. ప్రగతి నగర్‌లో వాళ్ళ తమ్ముడింటికి వెళ్తే, టీ అయినా తాగకుండా చెరువు చుట్టూ ఉన్న చెట్లన్నీ చూసొచ్చేవారు. కోకాపేట వైపు వెళ్ళినప్పుడు తల ఎత్తి ఎత్తి మెడ పట్టేసింది. "ఇక్కడ అన్నీ ఇండ్లే ఉన్నయ్, వేలాడనీకి ఒక్కటి లేదు" అన్నారు. అవి ఆవిడకు కనబడలేదు. ఆ కథ రెండో భాగం రాలేదు.

మా ఆయన ఆ కథను అచ్చులో చదివారని నాకు తెలుసు, పత్రిక బాల్కనీలో కుర్చీ మీద బోర్లించి ఉండటం చూశాను. మొండిమానును కూడా తవ్వించి టైల్స్ వేయించాలని కాంట్రాక్టరు వచ్చినప్పుడు, "దాన్ని ముట్టకు" అని పంపించేశారు. ఆ ఏడాది చివర సెక్రటరీ పని మానుకున్నారు. తర్వాతి వేసవికి మాను చుట్టూ లేత ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి. అత్తమ్మ బాల్కనీలోంచి చూసి, "ఏరా, చింతచిగురు పప్పు తింటవా?" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆ తల్లీకొడుకులు కలిసి నవ్వడం నేను విన్నాను. గబ్బిలాలు మాత్రం రాలేదు.

ఆవిడ పోయిన రోజు, అందరిళ్ళలోలాగే, కింద సెల్లార్‌లో పడుకోబెట్టాం. ఎవరెవరో వచ్చారు. మీటింగులో ఉపయోగమేంటని అడిగిన ఆయన వచ్చి, చెప్పులు దూరంగా విడిచి, చాలాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మధ్యాహ్నం ఒకతను వచ్చాడు, మెడలో ఆఫీసు కార్డు, చేతిలో బంతిపూల దండ. కోకాపేటలో ఒక టవర్లో పని చేస్తాడట. ఆ టవర్ ఉన్నచోటికి దగ్గర్లోనే ఆవిడ దగ్గర రెండో తరగతి చదువుకున్నాడట.

"బండలు పేలుస్తున్న రోజులు సార్" అని మా ఆయనకు చెప్పాడు. "బాంబు పెట్టినప్పుడల్లా బండల సందులకెళ్లి పాములు, తేళ్లు, ఉడుములు ఉరికొచ్చేవి. ఒకరోజు మేం ఎక్కాలు చదువుతుంటే జెర్రిపోతు క్లాసులకు వచ్చింది. మేమంత లొల్లి. టీచర్ 'బల్లలెక్కుండ్రి, ఎక్కం ఆపకుండ్రి' అన్నది. అందరం బల్లలెక్కి ఏడో ఎక్కం చదువుతున్నం, పాము మెల్లగ ఈ తలుపుల నుంచి వచ్చి ఆ తలుపుల నుంచి పోయింది. అది పోయేదాంక టీచర్ గొంతు వణకలే. పోయినంక కుర్చీల కూలబడి చెంబెడు నీళ్లు తాగింది. 'మస్తు భయమైంది పిల్లలూ' అన్నది."

మా ఆయన ఆ మాట ఎప్పుడూ వినలేదు. "నాకెప్పుడు చెప్పలే" అన్నారు. అప్పటిదాకా ఏడవని మనిషి, ఆ కుర్రాడి భుజం మీద తల పెట్టి ఏడ్చారు.

మూడోరోజు పిట్టకు పెట్టడానికి ప్రగతి నగర్ చెరువు గట్టుకు వెళ్ళాం. అత్తమ్మ తమ్ముడు, మా ఆయనకు మేనమామ, అన్నీ దగ్గరుండి చేయించారు. విస్తరాకులో జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర, పచ్చిపులుసు, ఆవిడకు ఇష్టమైన నువ్వుల ముద్ద పెట్టి, అందరం దూరం జరిగి నిలబడ్డాం. కాకి వచ్చి ముట్టాలి. ముడితేనే పోయినవాళ్ళు తృప్తిగా పోయినట్టు.

కాకి రాలేదు. మేనమామ "కావ్, కావ్" అని పిలిచారు. గట్టు అవతల అపార్ట్‌మెంట్లలో ఎక్కడో డ్రిల్లింగ్ మిషను మోగుతోంది. పావురాలు ఎగిరాయి గానీ అవి ఇటు రాలేదు. పెద్దవాళ్ళకు కంగారు మొదలైంది. ఏదో కోరిక ఉండిపోయిందన్నారు. "అక్కా, సాహితిని మంచిగ చదివిస్తం" అన్నారు మేనమామ ఆకాశం వైపు చూసి. "నీ కొడుకును నేను చూసుకుంట అక్కా. నువ్వు పరేషాన్ గాకు." ఎండ పెరుగుతోంది. సాహితి నా చెయ్యి పట్టుకుని నీళ్ళ వైపు చూస్తోంది.

అప్పుడు గట్టు రాళ్ళ సందులోంచి ఒక పందికొక్కు బయటికి వచ్చింది. బాగా ముసలిది. వీపు మీద వెంట్రుకలు ఊడిపోయి చర్మం కనబడుతోంది. ఆగింది, గాలిని వాసన చూసింది, మెల్లగా విస్తరి వైపు నడిచింది.

"హుష్! హట్!" అని మేనమామ కర్ర ఎత్తారు. మా ఆయన వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీ మామా."

"అరె, పిట్ట ముట్టాలెరా! పందికొక్కు ముడితే ఏమంటరు జనం?"

"ఏమన్న అననీ. తిననీ దాన్ని."

మేనమామ మా ఆయన మొహంలోకి చూశారు. కర్ర దించారు. పందికొక్కు విస్తరి అంచు దగ్గర కూర్చుని, రొట్టెముక్కను రెండు చేతులతో పట్టుకుని తినసాగింది. తినేటప్పుడు దాని మీసాలు కదులుతున్నాయి. ఎవరూ చెప్పకుండానే మేనమామ తల మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, చేతులు జోడించారు. ఆ వెనకే ఒక్కొక్కరూ జోడించారు. అది మమ్మల్ని పట్టించుకోలేదు. రొట్టె అయిపోయాక వేళ్ళు నాకి, కూర వైపు తిరిగింది.